నాంచారమ్మ ఎండ ఫోటో

అనగనగా సముద్రం పక్కన ఒక ఉప్పు ఊరు ఉండేదిరా బంగారం. అక్కడ వరి పండదు, ఉప్పే పండుతుంది. మడులు కట్టి సముద్రపు నీళ్ళు పెడతారు. ఎండ ఆ నీళ్ళన్నీ తాగేస్తుంది, ఉప్పు మిగులుతుంది.

ఆ మడుల్లో నలభై ఏళ్ళు ఉప్పు లాగింది నాంచారమ్మ. పైన ఎండ, కింద ఉప్పు తళతళ. ఆ వెలుగుకి చీరలు వెలిసిపోయాయి, ఒళ్ళు కమిలిపోయింది, చివరికి కళ్ళూ మసకబారాయి. డాక్టరుగారు చూసి, "నాలుగో రోజు ఆపరేషన్ చేస్తాను. ఆ తర్వాత మాత్రం మడిలో దిగకూడదమ్మా" అన్నాడు.

అప్పుడు నాంచారమ్మ, పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసే పేరిందేవి దగ్గరికి వెళ్ళింది.

"అమ్మాయ్, నాతో ఉప్పు లాగే ఆడవాళ్ళందరితో మడిలో నాకొక ఫోటో తియ్యవే. చూపొచ్చాక చూసుకుంటాను."

"అదెంత పని పిన్నీ!" అంది పేరిందేవి.

మొదటి రోజు మిట్టమధ్యాహ్నం తీసింది. ఇంటికెళ్ళి రీలు కడిగి చూస్తే ఏముంది? సున్నం కొట్టిన గోడ! ఎండకి మనుషులే కనపడలేదు.

రెండో రోజు కెమెరాలోకి వెలుగు తగ్గించి తీసింది. ఈసారి ఉప్పు చక్కగా వచ్చింది. మొహాలేమో మాడిన అట్లు! కళ్ళున్న చోట గుంటలు. పాపం, పేరిందేవికి ఏడుపొచ్చింది. రేపొక్క రోజే ఉంది మరి.

మూడో రోజు ఉత్త చేతులతో వచ్చి, "ఈ ఎండతో నా వల్ల కాదు పిన్నీ" అంది.

"పిచ్చిదానా, ఎండతో కలబడితే ఎట్లా? మేం అన్నాలకి కూర్చున్నప్పుడు నాలుగు కర్రలకి చీర కడతాం. నెత్తిన ఎండ ఆగుతుంది. కింద ఉప్పు వెలుగు మొహాల మీద పడుతుంది. అప్పుడు చూడాలి మా వాళ్ళని! పో, కెమెరా తెచ్చుకో" అంది నాంచారమ్మ.

పేరిందేవి పరుగున వెళ్ళి తెచ్చింది. చీర కట్టారు. దాని కింద నాంచారమ్మతో కలిపి ఏడుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒక్కొక్కరి మొహం వెన్నెల్లో ముంచి తీసినట్టుంది. పేరిందేవి కెమెరా ఎత్తడం కూడా మరిచి అలా చూస్తూ నిలబడిపోయింది. 'చూపు మసకేసిన మనిషి, వెలుగు సంగతి నాకు నేర్పింది కదా!' అనుకుని, అప్పుడు ఫోటో తీసింది.

ఆ తర్వాత ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజున పేరిందేవి ఫోటో తీసుకెళ్ళి నాంచారమ్మ చేతిలో పెట్టింది. నాంచారమ్మ వేలు పెట్టి ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచింది. మధ్యలో ఒక మొహం దగ్గర వేలు ఆగింది.

"ఈ ముసలమ్మ ఎవరే?"

"నువ్వే పిన్నీ!"

నాంచారమ్మ తన మొహం తను సరిగ్గా చూసుకుని ఎన్నేళ్ళయిందో! ముడతల మీద మెల్లగా వేలు రాసింది. తర్వాత ఫకాలున నవ్వింది.

"ఎండ నన్ను బాగానే కాల్చింది. అయినా ఎంత బాగున్నానే!"

కథ నడిచె కంచికి,
కునుకు నడిచె కంటికి,
మనం చేరాం ఇంటికి!