గగనటంకాల వర్తకుడు

అనగనగా, ఓడలన్నీ గాలివాటానికే నడిచే కాలంలో, చిలకలరేవు అనే పట్నం ఉండేది. అక్కడ కొండలు అనే వడ్రంగి పరుల పడవలు బాగుచేస్తూ బతికేవాడు. సొంత పడవ కట్టుకోవాలని అతని కోరిక. అందుకోసం ఆలుమగలు కడుపు మాడ్చుకుని వెండికాసులు కుండలో దాచుకుంటూ వచ్చారు.

ఒకనాడు పట్టు తలపాగాతో వసంతగుప్తుడనే వర్తకుడు రేవులో దిగాడు.

"అయ్యలారా! నేనమ్మేవి గగనటంకాలు, అంటే ఆకాశ నాణేలు. కంటికి కనబడవు, దొంగలకు దొరకవు. దూరదేశపు ఖజానాలో మీ పేరిట ఉంటాయి. పెరగడమే తప్ప తరగడం ఎరగవు!" అన్నాడు.

కొండలు భయపడుతూనే గుప్పెడు కాసులిచ్చాడు. కొద్దిరోజులకే వర్తకుడు రెండు గుప్పెళ్ళు తిరిగిచ్చాడు. కొండలు కళ్ళు మెరిశాయి.

రెండోసారి సగం కుండ ఇచ్చాడు. "మూడింతలైంది" అన్న మాట వచ్చింది గానీ, కాసు మాత్రం రాలేదు.

మూడోసారి వర్తకుడే ఇంటికొచ్చాడు. "పొద్దు గుంకేలోగా మిగతాదీ తెచ్చెయ్. రేపు ధర మండిపోతుంది. ఎవరితోనూ అనకు, దిష్టి తగులుతుంది" అని గుసగుసలాడి వెళ్ళాడు.

కొండలు కుండ చంకన పెట్టుకుని బయల్దేరాడు. వీధి చివర వలలు అల్లే పైడితల్లి ఎదురొచ్చింది.

"ఎక్కడికి నాయనా అంత పరుగు?"

కొండలు విషయం చెప్పి, "తప్పుకో అత్తా, ఆలస్యమైతే అదృష్టం చేజారిపోతుంది" అన్నాడు.

"ఎవరికీ చెప్పొద్దన్నాడా?"

కొండలు తెల్లబోయాడు. "నీకెలా తెలుసు?"

పైడితల్లి తలవంచుకుంది. "నేను పుట్టిన ఊళ్ళో ఇలాంటివాణ్ణి నమ్మి పడవ అమ్మేశాను. సిగ్గుతో ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. కనబడని సొమ్మంతా అబద్ధమని కాదు. మన ఓడవర్తకులు చీటీ చూపించి పరదేశంలో సొమ్ము తీసుకోవడం లేదూ? కానీ నష్టమే రాదనేవాణ్ణి, తొందరపెట్టేవాణ్ణి, నోరు మూయించేవాణ్ణి నమ్మకు. కొత్తది ఇచ్చేముందు పాతది తిరిగి అడిగి చూడు."

తన అదృష్టానికి అడ్డొచ్చిందని కొండలుకు కోపమొచ్చింది. అయినా ఆమె మాట తేల్చుకుందామని కుండ ఆమె దగ్గరుంచి, వట్టిచేతులతో వెళ్ళి తన సొమ్ము అడిగాడు.

"ఇస్తాను. ఖజానా తలుపు తెరవాలంటే ముందు సుంకం కట్టాలి" అన్నాడు వర్తకుడు.

"నా సొమ్ములోంచే కోసుకోండి."

వర్తకుడి నవ్వు మాయమైంది. "అలా కుదరదు!"

కొండలుకు అంతా తెలిసిపోయింది. నేరుగా సంతకు వెళ్ళి, సిగ్గు విడిచి, జరిగిందంతా గొంతెత్తి చెప్పాడు. తనలాగే కాసులిచ్చిన జనమంతా తమ సొమ్ము కోసం వర్తకుడి విడిదికి కదిలారు. ఓడెక్కి పారిపోబోతున్న వసంతగుప్తుణ్ణి, ఆ గోల విని వచ్చిన రాజభటులు పట్టుకున్నారు. అతని పెట్టెలు చాలావరకు ఖాళీ. కొండలు ఇచ్చిన సగం తిరిగి రాలేదు. మిగిలిన సగం మాత్రం నిలిచింది.

ఆలుమగలు పైడితల్లి కాళ్ళకు దణ్ణం పెట్టారు. "మానిన గాయం మాకోసం రేపుకున్నావు అత్తా! నీ మేలు బతికున్నన్నాళ్ళూ మరవం."

పైడితల్లి కళ్ళు తుడుచుకుంది. "ఇన్నేళ్ళకు నా మనసు తేలికైంది నాయనా" అంది.

లాభం చూపి తొందరపెట్టేవాడి చేతిలో సొమ్ము పెట్టేముందు, తిరిగి తీసుకునే దారి ఉందో లేదో చూసుకోవాలి. మోసపోయినవారు నోరు విప్పి చెబితే, మరో ఇల్లు నిలబడుతుంది.