కళాయి ఓబులక్కకు ఊరు వ్రాయించిన కథ

మా ముత్తవ్వ వేంకటమాంబగారు మండువేసవిలో బాటసారులకు చలిపందిరి వేయించి, తమ చేతులతో మజ్జిగ పోసేవారు. మా తాతగారు చయనులుగారు పేదపిల్లలకు ఇంట అన్నము పెట్టి వ్యాకరణము చెప్పినారు. మా తల్లిగారు సీతామాంబగారు మూడు ఊళ్ళ బాలింతలకు పురుళ్ళు పోసినారు. ఎవరి కులమూ అడిగి ఎరుగరు. ఈ కథ ఆ ముగ్గురి నోటా నడచి నాకు చేరినది. వారికి నమస్కరించి మొదలుపెడుతున్నాను.

ఒకానొక రాజ్యంలో గజకేసరి అనే రాజు ఉండేవాడు. మనిషి పొట్టి, బిరుదులు పొడుగు. వాటిలో ‘అచలసింహాసనాధీశ్వర’ అనే బిరుదు ఆయనకు ప్రాణము. వందిమాగధులు దానిని మరచిపోతే ఆ పూట భోజనము రుచించేది కాదు.

ఒకనాడు ఆ రాజుకు ఒక ఆలోచన తోచినది. రాజ్యంలోని ప్రతి మనిషి పేరూ అతని ఊరి పట్టీలో ఎక్కవలెను. ఊరు లేనివారు, తిరుగుతూ బ్రతికేవారు, వచ్చే అమావాస్యలోగా ఏరు దాటి పొరుగు రాజ్యానికి పోవలెను. దండోరా వేయించి, రాజుగారు మీసము దువ్వుకొన్నారు.

ఆ దండోరా కళాయి ఓబులక్క చెవిని కూడా పడినది.

ఓబులక్క, ఆమె మగడు గురవప్ప, ముసలి మామ, ఒక ఎద్దులబండి. అదే వారి ఇల్లు. ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారు. గురవప్ప కొలిమి తిత్తి ఊదేవాడు. ఓబులక్క కాలిన గుండిగలో నవాసారపు పొడి చల్లి, తగరము పోసి, గుడ్డతో ఒక్క తిప్పు తిప్పేసరికి లోపల వెన్నెల కాసినట్లు ఉండేది. ఆదివారము గవ్వలపాడు సంత, మంగళవారము నేరెళ్ళదిన్నె, గురువారము పొన్నవరము, శుక్రవారము రాజధానిలో రాజుగారి వంటశాల వెనుక వాకిలి. వారి తాతలనాటి నుండి అదే దారి, అవే రోజులు.

పట్టీ వ్రాసే కరణము ఆమెను చూడగానే గంటము క్రింద పెట్టినాడు.

“నీ ఊరేది?”

“ఏ వారం చెప్పమంటావు సామీ?”

“వారాలు కాదమ్మా, ఊరు! గోడలున్న ఇల్లు ఎక్కడ ఉన్నది?”

“గోడలుంటే ఎద్దులు లాగలేవు కదయ్యా.”

కరణము ఆమె పేరు వ్రాయలేదు.

ఆ శుక్రవారము ఓబులక్క వంటశాల వెనుక కూర్చుండి, కొలిమి ముట్టించకుండా మోకాళ్ళ మీద గడ్డము ఆన్చుకొని ఉన్నది. ఆస్థాన విదూషకుడు సోమిదేవయ్య పులిహోర ఎంతవరకు వచ్చినదో చూచుకొనుటకు అటు వచ్చి, ఆమెను చూచినాడు.

“ఏమే ఓబులక్కా, పొయ్యి ఆరిపోయినదేమి?”

“ఏమి చెప్పేది అయ్యోరా! అమాస లోపల ఏరు దాటిపొమ్మన్నారంట. ఆపక్క మమ్మల్ని ఎవరెరుగుదురు? ఈపక్క ఆడోళ్ళు పెండ్లినాటి గుండిగలు మా చేతిలో పెట్టి ‘వచ్చే వారం తెచ్చియ్యే’ అని ఎనక్కి తిరిగి చూడకుండా పోతారు. ఆపక్క చెంబు కూడా ఇయ్యరు. మా మామకు ఎనభై ఏండ్లు. బండిలో పడుకొని ‘ఏ ఊరొచ్చింది?’ అని వాసన పట్టి చెప్తాడు. ఆయప్పను తెలియని దారిలో ఎట్ల తోలుకొని పోయేది?”

సోమిదేవయ్య పులిహోర మాట మరచినాడు.

“లేచి నాతో రా” అన్నాడు.

సభలో రాజు ఆమెను పైనుండి క్రిందికి చూచినాడు.

“ఏమయ్యా సోమిదేవయ్యా! ఈ దిమ్మరిని నా సభకు తెచ్చినావేమి?”

“ప్రభూ, ఈమె దిమ్మరియో కాదో తేల్చుకొనవలెనంటే ముందు నివాసమంటే ఏమిటో తెలియవలెను. అంతటి ధర్మసూక్ష్మము ఏలినవారికి తప్ప ఎవరికి తెలుస్తుంది?”

రాజు ఉబ్బిపోయినాడు.

“వ్రాసుకో! వెదకితే మనిషి దొరికే చోటు నివాసము. నా జాబు పట్టుకొని అంచెవాడు బయలుదేరితే, మూడు రోజుల లోపల ఆ జాబు ఎవరి చేతికి అందుతుందో వారు స్థిరనివాసి. అందకపోతే వాడు దిమ్మరి. గోడలున్నా సరే, మేడలున్నా సరే!”

“ఆహా! దీనికి రాజముద్ర వేయించండి ప్రభూ.”

ముద్ర పడినది.

“ఇక పరీక్ష. రెండు జాబులు పంపుదాము. ఒకటి ఈ ఓబులక్కకు. రెండవది ఈ రాజ్యంలో అందరికంటె గొప్ప ఇల్లు గల ఒక గృహస్థునికి. పేరు ఇప్పుడు చెప్పను. సరిహద్దు ఠాణా నుండి ఇద్దరు అంచెవాండ్రను రప్పించి ఆదివారము తెల్లవారగానే పంపిస్తాను. వారికి ఈ ప్రాంతము కొత్త.”

“పంపు, పంపు” అన్నాడు రాజు. “బండి వెంట పరుగెత్తలేక నీ అంచెవాడు చచ్చిపోతాడు.”

మరునాడు శనివారము. రాజుగారు పరివారముతో వేటకు బయలుదేరినారు.

ఆదివారము మొదటి అంచెవాడు ఓబులక్క జాబుతో రాజధాని పొలిమేర దాటి, బావి దగ్గర నీళ్ళు తోడుతున్న ఒక ముసలమ్మను అడిగినాడు.

“అవ్వా, కళాయి ఓబులక్క ఇల్లు ఎక్కడ?”

“ఈ పొద్దు ఆదివారం కదా నాయనా. గవ్వలపాడు సంతలో, చెరకు బండ్ల పక్కన ఉంటాది. పోతాపోతా నా మూకుడు అయ్యిందేమో కనుక్కో.”

పొద్దు నడినెత్తికి రాకముందే జాబు ఓబులక్క చేతిలో పడినది. అందినట్లు గుర్తుగా ఆమె దాని మీద మసి అంటిన బొటనవ్రేలు నొక్కి, మూకుడు కూడా అతని చేతికే ఇచ్చి పంపినది.

ఇరవై రోజులు గడచినవి. మళ్ళీ శుక్రవారము వచ్చినది. అమావాస్యకు నాలుగు రోజులే ఉన్నవి. ముందటి సాయంత్రమే రాజధానికి తిరిగి వచ్చిన రాజు సభ తీర్చినాడు. ఓబులక్క ఒక స్తంభము ప్రక్కన నిలిచి ఉన్నది.

మసి వ్రేలిముద్ర ఉన్న జాబును చూచి రాజు ముఖము ముడుచుకొన్నాడు.

“సరే, దీనికి పూటలో అందినది. మరి ఆ రెండవ గృహస్థు మాట ఏమిటి?”

అప్పుడు రెండవ అంచెవాడు కుంటుతూ లోపలికి వచ్చినాడు. చెప్పులు తెగిపోయి, కాళ్ళకు తాటినార చుట్టుకొన్నాడు. అడిగినదాకా పేరు బయట పెట్టవద్దని సోమిదేవయ్య వానికి ముందే చెప్పి ఉంచినాడు.

“ఇంకా అందలేదు మహాప్రభో! మొదట ఆయన ఇంటికి పోయినాను. గోడలు చూస్తే మెడ నొప్పి పుట్టింది. వాకిట కావలివాండ్లు ‘అయ్య అడవికి పోయినాడు’ అన్నారు. అడవికి పోతే ‘నిన్ననే ఏటికి పోయినాడు, జలక్రీడ’ అన్నారు. ఏటికి పోతే ‘ఎండ తగిలి కొండ మీది విడిదికి పోయినాడు’ అన్నారు. కొండ ఎక్కితే ‘అత్తగారింట అరిసెలు చేసినారట, అటు పోయినాడు’ అన్నారు. అక్కడికి పోతే అరిసెలూ లేవు, ఆయనా లేడు!”

సభలో నవ్వులు పుట్టినవి. వేటకు వెంట పోయిన మంత్రులు మాత్రము నవ్వలేదు. వారు స్తంభాల మీది చెక్కడాలను శ్రద్ధగా చూడసాగినారు.

రాజు ఒక్క గంతున సింహాసనము దిగినాడు.

“అడవి, ఏరు, కొండ, అత్తవారిల్లు! సిగ్గులేదూ వాడికి! ఇల్లు కావలివాండ్లకు అప్పగించి ఊళ్ళమ్మట తిరిగే ఆ దేశదిమ్మరి ఎవడు? నా ఆజ్ఞ! అమావాస్యలోగా వాడిని ఏరు దాటించండి!”

“ఆజ్ఞ వ్రాయమంటారా ప్రభూ?” అన్నాడు సోమిదేవయ్య.

“వ్రాయి! ముద్ర కూడా వేయి! ఏమోయ్ అంచెవాడా, ఆ జాబు ఇటు తే. పేరు నేనే చదువుతాను.”

అంచెవాడు జాబు అందించినాడు. రాజు పై విలాసము చదివినాడు. మళ్ళీ చదివినాడు. దానిపై ఇట్లున్నది:

‘అచలసింహాసనాధీశ్వరులు శ్రీ గజకేసరి మహారాజులుంగారికి, వారు ఉన్న చోట.’



సోమిదేవయ్య చేతులు కట్టుకొని వినయముగా అన్నాడు. “ఇరవయ్యవ రోజునకు అందినది ప్రభూ. మీ ఇల్లు కదలదు, అందులో మీరు దొరకరు. ఈమె ఇల్లు కదులుతుంది, కాని ఏ వారము ఎక్కడ దొరుకుతుందో బావి దగ్గరి ముసలమ్మకు కూడ తెలుసు. పెండ్లినాటి ఇత్తడి ఆమె చేతిలో పెట్టి నిద్రపోయే ఊళ్ళన్నీ ఆమె ఊళ్ళే. ఇక ఏరు దాటవలసినవారి ప్రయాణానికి ఏర్పాట్లు చేయమంటారా?”

స్తంభము ప్రక్కనుండి ఓబులక్క గొంతు వినవచ్చినది.

“దిగులుపడొద్దు దొరా. మా బండిలో ఎనకపక్క చోటుంది. మా మామ కొంచెం గురక పెడతాడు, అంతే.”

రాజు ముఖము ఎర్రబడినది. తరువాత పెదవులు వణికినవి. తరువాత పొట్ట కదిలినది. చివరకు ఆయన సింహాసనము మెట్ల మీదనే కూలబడి, కిరీటము జారిపోయేటంతగా నవ్వినాడు. మంత్రులు ఆయనను చూచి, తాము కూడ నవ్వవచ్చునని తెలిసికొని నవ్వినారు.

“నా ముద్రతో నన్నే వెళ్ళగొట్టించినావు గదయ్యా సోమిదేవయ్యా!” అని, మెడలోని ముత్యాలహారము తీసి విదూషకుని మెడలో వేసినాడు. తిరిగేవారిని వెళ్ళగొట్టే ఆజ్ఞను తన చేతితో చింపివేసినాడు. కరణమును పిలిచి, ఊరు వ్రాసే చోట ఏ వారమునకు ఏ ఊరో వరుసగా చేర్చి ఓబులక్క పేరు పట్టీలో ఎక్కించమన్నాడు. సంతలు పట్టుకొని తిరిగే తక్కినవారిని కూడ అట్లే వ్రాయుమన్నాడు.

కరణము గంటము చెవిలో దోపుకొని నసిగినాడు. “మరి ఏలినవారి పేరు ఏ ఊరి పట్టీలో వ్రాయవలెను ప్రభూ?”

“ముందు ఆమెది వ్రాయి” అన్నాడు రాజు. “నాకు వచ్చే శుక్రవారము వరకు గడువు ఇయ్యి.”

ఆ రోజు వంటశాల వెనుక కొలిమి మళ్ళీ మండినది. గురవప్ప తిత్తి ఊదినాడు. బండిలోని ముసలాయన ముక్కు ఎగబీల్చి, “రాజుగారి పులిహోర. అంటే శుక్రవారం” అన్నాడు.

ఈ కథను నేను మా ఇద్దరు కోడండ్రకు, అయిదుగురు మనుమరాండ్రకు చెప్పినాను. వారిచేత తప్పు లేకుండా తిరిగి చెప్పించుకొన్నాను. చిన్న మనుమరాలు రాజు నవ్వే చోట తనకు తోచిన రెండు మాటలు చేర్చినది. అవి బాగున్నవి కనుక నేను దిద్దలేదు.