సువార్తమ్మ అనని ఆమెన్

అనగనగా ఉప్పుమళ్ళ పక్కన ఒక ఊరు ఉండేదంట, తల్లీ. ఆ ఊళ్ళో సువార్తమ్మ అని ఒకావిడ ఉప్పు ఎత్తే పనికి పోయి ముగ్గురు బిడ్డల్ని సాకింది. నలుగురిలో గొంతెత్తి ఎరగదు.

ఒకరోజు పెద్దోడు ఏలీయా అన్నం తింటూ తింటూ, "అమ్మా, ఓడరేవులో పని దొరికింది. రేపే పోతన్నా" అన్నాడు. సువార్తమ్మ చేతిలో గరిటె అట్టాగే ఆగిపోయింది.

తెల్లారి చర్చి అయ్యగారు వచ్చి వాడి తల మీద చెయ్యిపెట్టి, "ప్రభువా, ఈ బిడ్డను నీ చేతికి అప్పగిస్తున్నాం" అని ప్రార్థన చేశారు. అందరూ "ఆమెన్" అన్నారు. సువార్తమ్మ ఉత్తుత్తినే పెదాలు కదిపింది. ఆ మాట అంటే నిజంగా ఇచ్చేసినట్టే గదా అని ఆమె భయం.

ఆ తర్వాత రెండోవాడు తిమోతి చెప్పాపెట్టకుండా పటాలంలో చేరి, బయల్దేరే ముందురోజు ఆ సంగతి చెప్పాడు. మళ్ళీ ప్రార్థన. మళ్ళీ పెదాలే కదిలాయి.

ఆ తర్వాత ఆఖరిది తబిత. పట్నంలో నర్సు చదువుకి సీటొచ్చిందని కాగితం చూపించింది. సువార్తమ్మ ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. ఇది కూడానా!

ఈసారి అయ్యగారు బస్సు దగ్గరే ప్రార్థన చేశారు. అందరూ "ఆమెన్" అన్నారు. తబిత మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగింది.

"అమ్మా, నువ్వు అనలా. అన్నలు పోయేటప్పుడూ అనలా. నేను చూశా. నువ్వు ఆమెన్ అనందే నేను ఎక్కను."

సువార్తమ్మ దేవుడికి తప్ప ఎవరికీ తెలీదనుకుంది! మరుక్షణమే ఇంకోటి తట్టింది. నోరు మెదపకుండా ఉంటే చాలు, బిడ్డ ఇంట్లోనే ఉండిపోతుంది!

"ఏం పిల్లా, ఎక్కుతావా, బస్సుని ఇక్కడే కట్టెయ్యమంటావా?" అని కండక్టరు కేకేశాడు.

తబిత కదల్లేదు. తల్లి నోటి వైపే చూస్తోంది. సీటు కాగితాన్ని మాత్రం వదలకుండా ఒక చేత్తో గుండెకి అదుముకుంది.

అప్పుడు సువార్తమ్మ ఆ చెయ్యి చూసింది.

"ఆమెన్!" అని అరిచింది. ఆ అరుపుకి బస్సులో పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది.

"అయింది ఆమెన్! రైట్ రైట్!" అన్నాడు కండక్టరు.

బస్సు పోయింది. ఆ కేక నాదేనా అని సువార్తమ్మ బిత్తరపోయి నోటి మీద చెయ్యేసుకుంది. ఆ తర్వాత ఇంటికి నడుస్తూ దారంతా దేవుడితో ఒకటే మాటలు.

"ఇచ్చేశాను గదయ్యా, ఇంక నువ్వే చూసుకోవాల. దానికి వంకాయ పడదు, దద్దుర్లొస్తాయి. ఉరిమితే బెదురుద్ది, పక్కన ఎవర్నన్నా ఉంచు. అన్నలిద్దరి సంగతీ నీకు ఇన్నాళ్ళూ చెప్పనే లేదు. ఆగు, చెప్తా..."

బస్సేమో పట్నానికి,
కథేమో కంచికి,
నా బుజ్జితల్లేమో నిద్దరకి,
మన బరువంతా దేవుడికి!