అంగడి వీధిలో ఎదురు నడిచిన తాబేలు

అనగనగా ఒక అడవి, ఆ అడవి నడుమ ఒక అంగడి వీధి. వీధికి ఆ పక్కా ఈ పక్కా కొట్లు, ఇళ్లు. తూర్పు చివర పెద్ద సభబండ. ఆ వీధికి ఒక కట్టడి ఉండేది. అందరూ తూర్పు నుంచి పడమరకే నడవాలి. ఎదురు నడిస్తే వీధిలోంచి వెలివేస్తారు. తూర్పుకి పోవాలంటే వీధి వెనకున్న కొండ చుట్టూ తిరిగి రావాల్సిందే.

దుప్పులకు ఆ కట్టడి హాయిగా ఉండేది. ఎదురొచ్చేవాళ్లు లేరు కదా, వీధంతా ఒకటే పరుగు. కొండ చుట్టూ తిరగడం వాటికి ఒక గెంతు. మరి తాబేలుకో? పూట పడుతుంది.

ఆ వీధి మధ్యలో మాణిక్యమ్మ, శేషమ్మ అని ఇద్దరు తాబేలు అక్కచెల్లెళ్లు ఉండేవారు. ఒకరోజు గుమ్మం ముందు నిలబడ్డ శేషమ్మను దుప్పుల మంద తొక్కేసింది. పైడిప్ప పగిలింది. ఒక్క దుప్పీ వెనక్కి తిరిగి చూడలేదు.

పడమర వైపు ఇరవై అడుగుల్లో ముళ్లపంది వైద్యుడు ఆచారి ఇల్లుంది. ఆయన పెరటి ఆకు పసరు పోస్తే పగులు అతుక్కుంటుంది. కానీ ఆకు వాడిపోతే పసరు రాదు, ముందే పిండి ఉంచితే పనిచేయదు. మాణిక్యమ్మ ఇరవై అడుగులు వెళ్లి ఆకు తెచ్చుకునేది. తిరిగి రావడానికి మాత్రం కొండంతా చుట్టేది. ఇల్లు చేరేసరికి ఆకు వాడిపోయి, చేతిలో పొడి పొడి అయ్యేది.

"అక్కా, నొప్పిగా ఉందే," అనేది శేషమ్మ.

ప్రతి సంతరోజూ సభబండ దగ్గర అడవిదున్న పెద్దయ్య సభ పెట్టేవాడు. ఎండ బండ నెత్తి మీదికి రాకముందు చెప్పిన మాటే చెల్లుతుంది. మాణిక్యమ్మ తెల్లవారగానే బయల్దేరింది. కొండ చుట్టి వచ్చేసరికి ఎండ బండ దిగిపోయింది.

కొంగ గుమాస్తా ఆకు మీద రాసుకుంటున్నాడు. "అంగడి వీధి కట్టడి మీద అభ్యంతరం చెప్పడానికి ఎవరూ రాలేదు."

"నేనొచ్చాను కదయ్యా," అంది మాణిక్యమ్మ.

"వేళ దాటాక వచ్చావమ్మా. అది రావడం కింద లెక్క కాదు."

రెండో సంతకీ అంతే. మూడో సంతకీ అంతే. "ఈసారీ ఎవరూ రాలేదు," అని రాశాడు కొంగ, ఆవిడ ముఖం ముందే. ముందురోజే బయల్దేరొచ్చుగా అంటారేమో మీరు. కదల్లేని చెల్లెల్ని రాత్రంతా ఒంటరిగా ఎలా వదులుతుంది, చెప్పండి.

నాలుగో సంతరోజు పొద్దున్న శేషమ్మ తల కూడా ఎత్తలేదు. మాణిక్యమ్మ గుమ్మం దిగింది. ఒక్క క్షణం పడమర వైపు చూసింది. తర్వాత తూర్పుకి తిరిగింది.

దుప్పుల మంద ఎదురొచ్చింది. ముందున్న దుప్పి గిట్టలు నేలకు తన్ని ఆగింది. "ఏయ్ ముసలమ్మా, ఎదురు నడుస్తున్నావు, కళ్లు కనపడవా?"

"బాగా కనపడుతున్నాయి నాయనా. నీకే, మూడు వారాల కిందట మా చెల్లెలు కనపడలేదు."

మందంతా ఆగిపోయింది. ఉడుత పాపన్న కొట్లోంచి తల బయటపెట్టి, "అయితే మీకు ఆగడం కూడా వచ్చన్నమాట. పన్నెండేళ్లుగా నా కొట్టు ముందు తోకలే చూస్తున్నాను," అన్నాడు.

ఎండ ఇంకా బండ ఎక్కక ముందే మాణిక్యమ్మ సభ చేరింది. పెద్దయ్య కొమ్ములు విదిలించాడు. "తప్పు దారిన వచ్చావు. నీ మాట చెల్లదు. పైగా నీకు వెలి తప్పదు."

మాణిక్యమ్మ బండ ముందుకు ఇంకో అడుగు వేసింది.

"మూడుసార్లు మీ దారినే వచ్చాను పెద్దయ్యా. వేళ దాటిందన్నారు. ఈరోజు వేళకు వచ్చాను, దారి తప్పన్నారు. నేను ఏ దారిన వస్తే మీకు వినపడుతుందో మీరే చెప్పండి. ఆ దారినే వస్తాను. అసలు ఈ కట్టడి ఎందుకు పెట్టారు?"

పెద్దయ్య కొంగ వైపు చూశాడు. కొంగ పాత ఆకులన్నీ తిరగేశాడు. "కార్చిచ్చు వచ్చిన ఏడాది పెట్టామండి. అందరూ ఒకవైపే పరుగెత్తాలని."

"ఆ మంట ఎప్పుడు ఆరింది?" అని అడిగింది మాణిక్యమ్మ.

"పన్నెండేళ్లయిందండి."

ముందు మాట్లాడింది దారిలో ఆగిన దుప్పే. అది ఆవిడ వెనకే వచ్చి నిలబడింది. "తొక్కింది మేమే పెద్దయ్యా. ఎదురు ఎవరూ రారన్న ధీమాతో పరుగెత్తాం."

పెద్దయ్య బండ దిగి మాణిక్యమ్మ ముందుకు వచ్చాడు. తర్వాత, "వెలి మాట మరిచిపో తల్లీ. ఈ పూట నుంచి వీధిలో రెండు వైపులా నడవచ్చు. సభ కూడా ఇక వీధి మధ్యలోనే పెడతాం," అన్నాడు. "కొంగా, ముందు ఆ పాత ఆకుల్లో దిద్దు. మూడుసార్లూ మాణిక్యమ్మ వచ్చిందని రాయి."

ఆరోజు ఆకు ఇరవై అడుగుల్లో పచ్చగా ఇల్లు చేరింది. పసరు పోశారు. నెల తిరిగేసరికి శేషమ్మ లేచి గుమ్మంలో కూర్చుంది. కానీ డిప్ప మీద అడ్డంగా ఒక గీత మిగిలిపోయింది. మొదటి రోజే పసరు పడుంటే అది ఉండేది కాదని ఆచారి చెప్పాడు. అటూ ఇటూ నడిచే దుప్పులు ఆ గీత చూడగానే ఇప్పటికీ అడుగు నెమ్మది చేస్తాయి.

నీతి: నష్టపోయేవాళ్లు వేళకు చేరలేని చోట సభ పెట్టి, ఎవరూ కాదనలేదని రాసుకోవడం న్యాయం కాదు. కట్టడి పెట్టినవాళ్లు దాని అవసరం తీరిందేమో వాళ్లంతట వాళ్లే చూసుకోవాలి.