పొగమంచులో పిలుపు

మఠంలో గెరోల్డ్‌కు మింగుడుపడనిది ఒక్కటే, వంటాయన ఉచ్చారణ.

జర్మనీ కొండల్లోని ఆ చిన్న మఠంలో గెరోల్డ్ మాటల పుట్టుక వెతికే సన్యాసి. ఆ ఏడు పొగమంచు అనే మాటను పట్టుకున్నాడు. అక్కడివాళ్లు దాన్ని ‘నెబెల్’ అంటారు. దాని వేరు ఎంత పాతదంటే, మబ్బుకూ ఆకాశానికీ మనం వాడే నభస్సు కూడా దానికి దూరపు చుట్టమేనట. అంత వంశమున్న మాటను, ఉత్తరాది సముద్రతీరం నుంచి వచ్చిన వంటాయన హిన్‌రిక్ ‘నెవెల్’ అనేవాడు. మంచులో చిక్కిన బాటసారుల కోసం రోజూ చేసే ప్రార్థనలోనూ అంతే. గెరోల్డ్‌కు ఒళ్లు మండేది.

చివరికి గురువు ఫాదర్ ఒట్‌మార్ దగ్గరికి వెళ్లి, ప్రార్థనలో నోరు మెదపొద్దని హిన్‌రిక్‌కు చెప్పమన్నాడు. గురువు అంతా విన్నాడు. ముందు కింది ఊళ్లో జబ్బుపడ్డ ముసలావిడకు మందు ఇచ్చి రమ్మన్నాడు.

తిరిగి వస్తుంటే సగం దారిలో పొగమంచు కమ్మేసింది. తన చెయ్యి తనకే కనబడలేదు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. గెరోల్డ్ ఉన్నచోటే కూలబడ్డాడు. చలికి ఇక్కడే పోతానని నిజంగానే అనుకున్నాడు.

అప్పుడు పైనుంచి వినబడింది. “నెవెల్... నెవెల్...”

మంచు కమ్మితే, బయట ఉన్నవాళ్ల కోసం గుమ్మంలో నిలబడి ఆ మాటే కేకేయడం ఆ మఠం ఆచారం. గెరోల్డ్ లేచాడు. కేక వినబడినప్పుడు అడుగు వేశాడు, ఆగినప్పుడు ఆగాడు. కాసేపటికి గొంతు మారింది, మాట మాత్రం మారలేదు. ఈ గొంతు మరీ ముసలిది, వణుకుతోంది.

గుమ్మం చేరి చూస్తే కేకేస్తున్నది గురువుగారు. పక్కన మెట్టు మీద హిన్‌రిక్ మెడకు గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. కొండ మీద మధ్యాహ్నమే మంచు కమ్మడంతో, అప్పటినుంచి అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది. గెరోల్డ్‌ను చూసి ఏదో అనబోయాడు గానీ మాట పెగల్లేదు. నవ్వి ఊరుకున్నాడు.

“మీరు కూడా ఆయనలాగే అన్నారేం, ఫాదర్?” అని అడిగాడు గెరోల్డ్.

“ఆ కేక పట్టుకునే కదా నాయనా నువ్వొస్తున్నావు. మధ్యలో మారిస్తే తడబడతావేమోనని.”

గెరోల్డ్‌కు కళ్లనీళ్లు తిరిగాయి. వంటింట్లోకి వెళ్లి పాలు కాచి తెచ్చాడు. హిన్‌రిక్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, తన చేత్తోనే తాగించాడు. తర్వాత గురువు వైపు తిరిగాడు.

“రేపు ప్రార్థన వేళకు ఈయన గొంతు వస్తుందంటారా?”