తాడు విప్పని పడవలో లంక ప్రయాణం

రాళ్ళమెట్టలో ఎవరికైనా తెలివి చాలకపోతే తమ ఇంటికొచ్చి అరువు తీసుకెళ్ళొచ్చని గవరయ్య కుటుంబం నమ్మకం. ఇన్నేళ్ళలో అరువుకి ఎవరూ రాలేదు. ఊళ్ళో అందరికీ సరిపడా ఉందన్నమాట అని గవరయ్య సంతోషించేవాడు.

"మన ఇంట్లో చెప్పింది చెప్పినట్టు చేస్తాం. సొంతంగా ఒక్క అక్షరం కలపం. తెలివంటే అదే" అని అతను రోజూ అన్నం తినేముందు అనేవాడు. భార్య మంగతాయి, తమ్ముడు తాతబ్బాయి, మేనత్త పేరంటాలమ్మ అవునని తలలూపేవాళ్ళు. తలలూపడం అయ్యాకే ముద్ద నోట్లో పెట్టుకునేవాళ్ళు.

ఆ ఇంట్లో అరటిపండు తినని మనిషి పేరంటాలమ్మ ఒక్కతే. పెళ్ళయిన కొత్తలో ఆమె మొగుడు, "నిన్ను గోదారి లంకకి తీసుకెళ్ళి చెట్టున పండిన చక్రకేళి తినిపిస్తా" అన్నాడు. ఆ ఉత్సాహంలో ఆమె, "అయితే లంక నేల తొక్కేదాకా అరటిపండు ముట్టను" అని ఒట్టు పెట్టుకుంది. ఆయన ఏటా వచ్చే ఏడు అన్నాడు. నలభై రెండేళ్ళు అన్నాక ఈ ఏడే పైకి వెళ్ళిపోయాడు. ఒట్టు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. పూజలో ప్రసాదంగా పెట్టినా కళ్ళకద్దుకుని పక్కన పెట్టేది. ఈమధ్య కళ్ళకద్దుకోవడం కాస్త ఎక్కువసేపు జరుగుతోంది.

అది చూడలేక గవరయ్య ఒక ఆదివారం అందరినీ తొలి బస్సులో పెదరేవుకి తీసుకొచ్చాడు. అక్కడ నూకరాజు అనే పడవ మనిషి కొత్తగా ఇంజను పడవ కొని, "మీరే నడుపుకోండి, లంకంతా చూసి రండి, రోజుకి అద్దె" అని బోర్డు పెట్టాడు. గవరయ్య కుటుంబమే తొలి బేరం. నలుగురూ ఎక్కారు. నూకరాజు అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగి, ఇంజను నడపడం తాతబ్బాయికి రెండుసార్లు చూపించి, వేళ్ళు మడుస్తూ జాగ్రత్తలు చెప్పాడు.

"ఆయ్, వినండి. నడిపేటప్పుడు ముందుకే చూడాలి. వెనక్కి చూశారా, పడవ ఇసుక మేట ఎక్కేస్తుంది. ముప్పావుగంట ఇంజను తిరగాలి. అప్పుడు ఆపి దిగితే అదే లంక. లంకోళ్ళు వేళాకోళం మనుషులు, కొత్తవాళ్ళని ఆటపట్టిస్తారు. ఏం చెప్పినా నమ్మకండి. తిరిగొచ్చాక పడవని గుంజకి కట్టేసి, జాకెట్లు అందులో పడేసి వెళ్ళిపోండి, నా కోసం కూచోవద్దు. ఎండెక్కితే కష్టం, తొమ్మిది దాటనివ్వకండి. గుంజకి కట్టిన తాడు మాత్రం ముట్టుకోవద్దు. ఇంటికెళ్ళి తెడ్డు పట్టుకొచ్చి నేనే విప్పుతాను."

ఇలా అని ఇంటికెళ్ళాడు. ఇంటి దగ్గర చూస్తే, వాళ్ళావిడ ఆ తెడ్డుని ఆనపపాదు పందిరికి పోటు పెట్టేసింది. తెడ్డు తీస్తే పందిరి కూలుతుంది. వేరే కర్ర కొట్టుకొచ్చి పోటు మార్చేసరికి గంటన్నర పట్టింది.

ఇక్కడ రేవులో తాతబ్బాయి వాచీ చూసి, "అన్నయ్యా, తొమ్మిదయింది" అన్నాడు.

"దాటనివ్వద్దన్నాడు."

"తాడు మరి?"

"ముట్టుకోవద్దన్నాడు. నువ్వు ముట్టుకున్నావా?"

"లేదు."

"నేనూ ముట్టుకోలేదు. ఇంకేం, ఇంజను లాగు."

అంతే. తాతబ్బాయి ఇంజను లాగాడు. పడవ నాలుగు బారలు ముందుకెళ్ళి, తాడు బిగుసుకుని, ఆగి, వణకడం మొదలుపెట్టింది. నలుగురూ ముందుకే చూస్తున్నారు. ఎదురుగా గోదారి పారుతోంది. గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా వచ్చి పడవ పక్కనుంచి వెనక్కిపోతోంది.

"అబ్బ, ఏం పోతోందిరా పడవ!" అంది పేరంటాలమ్మ. "ఆ డెక్క చూడు, ఎలా వెనకపడిపోతోందో!"

"కాస్త నెమ్మదిగా పోనీ మరిదీ. నా కళ్ళు తిరుగుతున్నాయి" అంది మంగతాయి.

గట్టుమీద టీ కొట్టు గంగరత్నం ఇదంతా చూసింది. కొత్త ఇంజను కదా, పరీక్ష చేస్తున్నారనుకుని పాలు పొయ్యిమీద పెట్టుకుంది.

తొమ్మిదీ నలభై అయిదుకి తాతబ్బాయి ఇంజను ఆపాడు. ఇంకేముంది, నీళ్ళు తోస్తే పడవ వెనక్కి వెనక్కి వచ్చి రేవు మెట్లకి తగిలింది.

"చూశారా, మనం వెతుక్కోకుండా లంకే మన దగ్గరికొచ్చింది" అన్నాడు గవరయ్య.

పేరంటాలమ్మ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, కుడికాలు మెట్టుమీద పెట్టింది. నలభై రెండేళ్ళ ఒట్టు. ఆమె కళ్ళు చెమర్చాయి. "ఏమండీ, వచ్చేశా" అంది ఆకాశంలోకి చూస్తూ. మంగతాయి ఆ మట్టి పిడికెడు తీసి కొంగున కట్టుకుంది. అందులో రెండు సిగరెట్టు పీకలు కూడా ఉన్నాయి.

"ఈ లంక అచ్చం మనం ఎక్కిన రేవులాగే ఉంది కదా అన్నయ్యా?"

"ఒకే గోదారి రెండు వైపులా తడిపితే ఒకేలా ఉండక ఏం చేస్తుందిరా?"

నలుగురూ టీ కొట్టుకి నడిచారు. అక్కడ చక్రకేళి గెల వేలాడుతోంది. దాన్ని చూసి పేరంటాలమ్మ అడుగు ఆగిపోయింది.

"ఏమమ్మా, ఎన్నాళ్ళనుంచి ఉంటున్నారు ఈ లంకలో?" అని గంగరత్నాన్ని అడిగింది.

"లంకేంటండీ మామ్మగారూ? ఇది పెదరేవండి. పొద్దున్న మీరు బస్సు దిగి నా దగ్గరేగా టీ తాగారు?"

నలుగురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని పకపకా నవ్వారు.

"చెప్పాడు కదా నూకరాజు! వేళాకోళం మనుషులని!" అన్నాడు తాతబ్బాయి.

"అబ్బ, ఎంత నిజంలా చెప్పింది!" అని మంగతాయి మెచ్చుకుంది. "ఇంకోటి చెప్పమ్మా!"

"నేను నిజమే చెబుతున్నానండీ తల్లీ."

"ఇది ఇంకా బాగుంది" అన్నాడు గవరయ్య.

గంగరత్నానికి ఆదివారం బేరం ముఖ్యం. ఇంక మాట్లాడకుండా గెలనుంచి పండు తుంచి ఇచ్చింది. పేరంటాలమ్మ దాన్ని కళ్ళకద్దుకుంది. ఈసారి పక్కన పెట్టలేదు. తొక్క నెమ్మదిగా, చిరగకుండా వలిచి, కాస్త కొరికి, కళ్ళు మూసుకుంది.

"ఎలా ఉందత్తా?"

"ఆయన చెప్పినదానికంటే బాగుందిరా" అని రెండోది కూడా తింది.

అప్పుడు నూకరాజు తెడ్డు భుజాన వేసుకుని రొప్పుతూ వచ్చాడు. "ఆలస్యమైపోయిందండీ, ఏమీ అనుకోకండి. ఎక్కండి మరి."

మంగతాయి మొగుడి చెవిలో, "పోలికలు చూశారా? నూకరాజుకి అన్నగారై ఉంటాడు. ఆ ఒడ్డున ఒకరు, ఈ ఒడ్డున ఒకరు కాపలా పెట్టుకున్నట్టున్నారు" అంది.

"మీ తమ్ముడు అన్నీ చెప్పే పంపించాడు బాబూ" అన్నాడు గవరయ్య.

నూకరాజుకి తమ్ముడు లేడు. కానీ ఎండ ఎక్కుతోంది, తొలి బేరం చెడకూడదు. గుంజ దగ్గర తాడు విప్పి, పడవలో పడేసి, "నేరుగా పోండి. ముప్పావుగంట" అన్నాడు.

"తెలుసు, వచ్చిన దారేగా!"

ఈసారి పడవ నిజంగా కదిలింది. గట్టు చెట్లు, టీ కొట్టు, నూకరాజు అన్నీ చిన్నవైపోయాయి. గాలి మొహాన కొట్టింది. పేరంటాలమ్మ తలమీది కొంగు గట్టిగా పట్టుకుంది.

"పోయేటప్పుడు ఇంత గాలి లేదేం?" అంది మంగతాయి.

"ఇంటికెళ్ళేటప్పుడు ఎడ్లు కూడా పరుగెడతాయి వదినా. పడవకి మాత్రం ఇల్లంటే ప్రాణం కాదా?" అన్నాడు తాతబ్బాయి.

సరిగ్గా ముప్పావుగంటకి పడవ ఇసుకలో దిగబడి ఆగింది. ఇసుక దాటితే దోసపాదులు, వాటి వెనక కనుచూపుమేర అరటితోటలు. అసలైన లంక అదే. నలుగురూ దిగి చుట్టూ చూశారు.

"మన రేవేంటి, ఇలా అయిపోయింది?" అంది పేరంటాలమ్మ. "మెట్లేవి? టీ కొట్టేది?"

గవరయ్య ఆలోచించి, "ఆక్రమణలు తీసేసి ఉంటారు" అన్నాడు.

"తారురోడ్డు కూడానా అన్నయ్యా?"

"అదీ ఆక్రమణే అయ్యుంటుంది. ఒక పూట లేకపోతే ఎన్ని పనులు చేస్తారో చూడు."

పడవని గుంజకి కట్టాలి. ఒడ్డున ఒకే ఒక గుంజ ఉంది. దానికి గేదె కట్టేసి ఉంది.

"నూకరాజు గేదె సంగతి చెప్పలేదే!" అన్నాడు తాతబ్బాయి.

"పడవ కట్టమన్నాడు. పడవే కట్టు" అన్నాడు గవరయ్య.

అంతే. గేదెని విప్పేసి పడవని కట్టేశారు. జాకెట్లు పడవలో పడేశారు. నూకరాజు తన కోసం కూచోవద్దన్నాడు కాబట్టి నిలబడ్డారు. గేదె తిన్నగా దోసపాదులోకి నడిచింది. పావుగంట తరవాత ఆ పాదు తాలూకు రైతు సూరన్న కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరయ్యా మీరు? నా గేదెనెవరు విప్పారు?"

"మేము పొద్దున్న లంకకి వెళ్ళి ఇప్పుడే తిరిగొచ్చాం. రాళ్ళమెట్ట బస్సు ఇక్కడే ఆగుతుందా, ఇంకెక్కడికైనా మార్చారా?" అని గవరయ్య అడిగాడు.

సూరన్న కర్ర దించాడు. "బస్సేంటండీ? ఇదే లంక!"

తాతబ్బాయి కంగారుగా, "అన్నయ్యా, ఇది లంకంటున్నాడు!" అన్నాడు.

గవరయ్య చెయ్యెత్తి తమ్ముణ్ణి ఆపాడు. "తొందరపడకు. బాబూ, ఇది లంకైతే నువ్వు లంకోడివి అవుతావా, అవవా?"

"అవుతాను."

"లంకోళ్ళ మాట నమ్మొద్దని పడవ మనిషి గట్టిగా చెప్పాడు. నీ మాట నమ్మకపోతే ఇది లంక కాదు. లంక కాకపోతే నువ్వు లంకోడివి కాదు. అప్పుడు నీ మాట నమ్మొచ్చు. కానీ ఇది లంక కానే కాదని ఇప్పుడే తేలింది కాబట్టి, నమ్మి మాత్రం ఏం లాభం?"

సూరన్న ఇసుకలో చతికిలబడ్డాడు. అతను పుట్టింది ఆ లంకలోనే. అయినా ఒకసారి వెనక్కి తిరిగి తోటల వైపు చూసుకున్నాడు.

వీళ్ళతో వాదించడం తన వల్ల కాదని అతనికి అర్థమైంది. పైగా ముసలావిడ ఎండలో నిలబడి ఉంది. పాకలోకి పిలిచి మంచినీళ్ళిచ్చాడు. చెట్టుమీదే మగ్గిన చక్రకేళి పళ్ళ అత్తం ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "తినండి మామ్మగారూ. ఇలాంటిది మీకు ఆ ఒడ్డున దొరకదు."

పేరంటాలమ్మ నవ్వింది. "వద్దు నాయనా. పొద్దున్న లంకలో రెండు తిన్నాను. అవి తిన్న నోటికి మన ఒడ్డు పండు ఎక్కదు."

సాయంత్రం నాలుగున్నరకి సూరన్న తన నావలోకి దోసకాయలు ఎత్తుకుని, "బస్సు కావాలంటే ఆ ఒడ్డుకే రావాలి, ఎక్కండి" అన్నాడు.

"చూశావా, బస్టాపు మార్చారు" అన్నాడు గవరయ్య.

"మరి మీ పడవ?"

"అప్పజెప్పేసిన పడవ మళ్ళీ ఎక్కితే దొంగతనం కాదూ?"

ఇంకేముంది, నలుగురూ దోసకాయల మీద కూర్చున్నారు. అయిదూ ఇరవై అయిదుకి నావ పెదరేవు మెట్లకి తగిలింది. గంగరత్నం టీ కొట్టు చూడగానే నలుగురూ ఒక్కసారిగా, "అయ్యో! మళ్ళీ లంకకి తీసుకొచ్చాడే!" అన్నారు.

నూకరాజు మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాడు. "నా పడవేదండీ?"

"మీ తమ్ముడి రేవులో కట్టేశాం" అన్నాడు తాతబ్బాయి.

నూకరాజు సూరన్నని అడిగాడు. గంగరత్నాన్ని అడిగాడు. గుంజ చూశాడు, తాడు ఒరుసుకున్న గుర్తు చూశాడు. అప్పుడు తల పట్టుకుని, నావ అంచున కూర్చుని, చిన్నపిల్లలకి చెప్పినట్టు మొత్తం చెప్పాడు. పొద్దున్న ముప్పావుగంట పడవ కదల్లేదు. దిగింది ఈ రేవులోనే. తరవాత దిగిందే లంక.

ఎవరూ నవ్వలేదు.

"అంటే బాబూ" అంది పేరంటాలమ్మ నెమ్మదిగా, "నేను పండు తిన్నది..."

"ఇక్కడేనండీ. ఈ కొట్లోనే."

"దానికేముందండీ మామ్మగారూ, తరవాత మీరు తొక్కింది లంక నేలేగా?" అన్నాడు సూరన్న.

"తొక్కాక తినాలి నాయనా. తిన్నాక తొక్కితే ఒట్టు తప్పినట్టే. నలభై రెండేళ్ళు..." ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది.

మేనత్త కళ్ళలో నీళ్ళు చూసి గవరయ్య లేచి నిలబడ్డాడు. నావ ఊగింది.

"మా అత్త ఒట్టు తప్పే మనిషి కాదు. పండు తిన్న చోటే లంక. అందుకని ఇదే లంక. ఎవరూ కిందకి దిగకండి!"

పేరంటాలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "అవునురా. నాకు పొద్దున్నే అనిపించింది" అంది. మంగతాయి, తాతబ్బాయి తలలూపారు.

అప్పుడే గట్టుమీద ఆఖరి బస్సు వచ్చి ఆగింది. పొద్దున్న వాళ్ళని దింపిన కండక్టరే మెట్టుమీద నిలబడి, "రాళ్ళమెట్ట! రాళ్ళమెట్ట! గవరయ్యగారూ, రండి! ఇది పోతే మళ్ళీ రేపే!" అని కేకేశాడు.

మంగతాయి మొగుడి వైపు చూసింది. "ఏమండీ, మన ఊరి పేరే అంటున్నాడు."

"అత్త మొహం చూసి మాట్లాడు. లంకలో ఉన్నవాళ్ళకి అవతలి ఒడ్డు బస్సు ఎలా దొరుకుతుందే?"

గవరయ్య కండక్టరుకి దండం పెట్టి, "వెళ్ళండి బాబూ, మా రాళ్ళమెట్ట అవతలి ఒడ్డున ఉంది!" అని అరిచాడు. బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. అది మలుపు తిరిగేదాకా నలుగురూ మర్యాదగా చేతులూపారు.

"పాపం, ఈ లంకోళ్ళకి కూడా ఒక రాళ్ళమెట్ట ఉన్నట్టుంది" అన్నాడు గవరయ్య. తరవాత సూరన్న వైపు తిరిగాడు. "పోనీ నాయనా నావ, చీకటి పడకముందే మమ్మల్ని మా ఒడ్డున దింపు. ఆఖరి బస్సు అందుకోవాలి."