పాటకు పట్టించిన దుమ్ము

క్యాసెట్టు చచ్చిపోయింది. ఆ సంగతి చెప్పడానికి ఓబులేసుకు నోరు రాలేదు.

మామూలు క్యాసెట్టయితే చెత్తబుట్టలో పడేసి చేతులు దులుపుకునేవాడు. ఇది దస్తగిరి సామి నలభై ఏళ్ల కిందట, పడుచుతనంలో పాడిన తత్వం. పోరుమామిళ్ల దగ్గర కొండకింద మఠంలో ఉంటాడు సామి. దూదేకులాయన. పత్తి ఏకిన చేతులతోనే తంబుర పట్టాడు. ఆయన పాడుతుంటే గొడ్లు కూడా మేత మాని తలెత్తేవని చెప్పుకుంటారు. గొడ్ల సంగతేమో గానీ, మనుషులు మాత్రం పనులు మానుకుని వచ్చేవాళ్లు.

అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. కోత కోసి తీశాక పాట పోయింది. మాట కూడా గుసగుసే, అదీ ఎప్పుడో ఒకటి. అందుకే ఆ క్యాసెట్టంటే మఠంలో అందరికీ ప్రాణం. పెద్ద శిష్యుడు కొండారెడ్డి దాన్ని ఇంట్లో బీరువాలో, బట్టల మడతల మధ్య దాచిపెట్టాడు. దాచినన్నాళ్లూ భద్రంగా ఉందనే అనుకున్నాడు. తీసి చూస్తే బూజు.

ఓబులేసు కూడా సామి శిష్యుడే, పసితనం నుంచీ. ప్రొద్దుటూరులో చిన్న రికార్డింగు గది పెట్టుకుని జానపదాలు, పెళ్లి పాటలు రికార్డు చేస్తుంటాడు. కొండారెడ్డి క్యాసెట్టు తెచ్చి, "ఏమిరా, నీ చేత అవుతుందా?" అని అడిగాడు.

"అదెంత పని రెడ్డన్నా! ఆరాధన నాటికి సామి గొంతు ఖంగుమని వినిపిస్తా చూడు" అన్నాడు ఓబులేసు.

అనేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం.

టేపు విప్పి, బూజు తుడిచి, ఎన్ని విధాలుగా ఆడించినా ఎండుటాకులు తొక్కిన చప్పుడు తప్ప ఏమీ రాలేదు. అప్పుడైనా వెళ్లి "చేతకాలేదన్నా" అని ఉండొచ్చు గదా? ఉండొచ్చు. ఆ ఒక్క మాట ఎంత బరువో గొప్పలు చెప్పుకున్నవాణ్ణి అడగండి.

పైగా అతని కడుపులో ఇంకో మంట ఉంది. సామి గొంతు పోయాక, మఠంలో ఏటేటా జరిగే ఆరాధన నాడు ఎవరు పాడాలనే మాట వచ్చింది. ఓబులేసు పేరు ఎవరో ఎత్తబోయారు. "వానికి ఉబ్బసం గదబ్బా. ఊపిరి యాడ చాలుతుంది?" అని కొండారెడ్డి అందరి ముందరా తేల్చేశాడు. సామి అక్కడే కూచుని ఉన్నాడు, అవుననలేదు, కాదనలేదు. కొండారెడ్డి మాట కంటే సామి ఊరకుండడమే ఓబులేసుకు ఎక్కువ నొప్పి కలిగించింది.

ఆ మంటలోనే అతనికి పాడు ఆలోచన వచ్చింది. గది తలుపు మూసి, మైకు ముందు కూచుని, తంబుర మీటి, సామి తత్వాన్ని తానే పాడేశాడు.

*తిత్తిలో గాలి ఎవరిదన్నా*
*తీసేదెవరు, పోసేదెవరన్నా*

గురువు దగ్గర అన్నేళ్లు కూచుంటే గొంతు కూడా అంటుకుంటుంది. పలుకు సామిదే, విరుపు సామిదే. కానీ పాట నిన్న పాడినట్టు తళతళలాడుతోంది. దానికి నలభై ఏళ్ల వయసు తేవాలి.

దానికీ ఒక సరంజామా ఉంది. కంప్యూటరులో ప్లగిన్ అంటారు. కొత్త పాటను పాత టేపులో నుంచి వచ్చినట్టు పాడుచేసి పెడుతుంది. ఒక మీట తిప్పితే వెనకాల 'స్‌స్‌' అని రొద వస్తుంది. ఇంకోటి తిప్పితే మోటారు అలసిపోయినట్టు రాగం అటూ ఇటూ ఊగుతుంది. ఇంకోటి తిప్పితే గొంతులో నిగనిగ పోయి గోడ అవతల నుంచి పాడుతున్నట్టు ఉంటుంది. ఈ మీటలన్నీ ఓబులేసుకు కొట్టిన పిండి.

మొదట అన్నీ ఎక్కువెక్కువ తిప్పేశాడు. వింటే పాట పాతబడినట్టు లేదు, జబ్బుపడినట్టుంది. తీసేసి మళ్లీ మొదలుపెట్టాడు. ఊగడం తగ్గించాడు. రొద సన్నగా పరిచాడు. అక్కడక్కడ పాట ఒక్క క్షణం సొమ్మసిల్లి లేచినట్టు చేశాడు. చివరికి కళ్లు మూసుకుని వింటే అతనికే ఒళ్లు జలదరించింది.

'నేను చెప్పకపోతే బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు' అనుకున్నాడు.

కొండారెడ్డి వచ్చి విన్నాడు. రెండో చరణం దాకా కూడా ఆగలేక, తువ్వాలలో ముఖం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఒరే, ఇదిరా గొంతంటే! ఇట్ల పాడేవాడు మళ్లీ పుట్టడురా!" అని ఓబులేసు భుజం పట్టి ఊపేశాడు.

పొగిడింది తన పాటనే. ఊపిరి చాలదన్నవాడే పొగిడాడు. పైకి చెప్పుకోవడానికి లేదు. ఓబులేసు నవ్వబోతే నవ్వు రాలేదు.

ఆరాధన నాడు పొద్దున్నే మఠం నిండిపోయింది. మైకుసెట్టు పెట్టారు. వేదిక పక్కన మనిషెత్తు సౌండు బాక్సు. దాని పక్కనే చిన్న బల్ల, బల్ల మీద ఓబులేసు ల్యాప్‌టాప్, దాని ముందర మైకు. ఎదురుగా చాప మీద దస్తగిరి సామి. తెల్ల పంచె, భుజాన తువ్వాల, పక్కన తంబుర. ఇప్పుడు పాడకపోయినా దాన్ని పక్కన పెట్టుకోవడం మాత్రం మానలేదు.

ఓబులేసు వచ్చి కాళ్లకు మొక్కాడు. సామి అతని తల మీద చెయ్యి పెట్టి, కొంచెం ఎక్కువసేపే ఉంచాడు. ఎప్పుడూ అట్లే ఉంచుతాడో, ఈ రోజే ఉంచాడో ఓబులేసుకు తేలలేదు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, "ఉక్కగా ఉంది సామీ" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

పాట మొదలైంది.

రొద వచ్చింది, దాని వెనక తంబుర వచ్చింది, దాని వెనక గొంతు. జనంలో ఒక్కసారిగా 'ఆఁ' అని నిట్టూర్పు. ముసలివాళ్లు చేతులు జోడించారు. ఓబులేసు మాత్రం సామి ముఖమే చూస్తున్నాడు. ఆ ముఖంలో ఏమీ కదల్లేదు.

*తిత్తిలో గాలి ఎవరిదన్నా... తీసే...*

అక్కడ చిన్న ఊపిరి. తర్వాత *...దెవరు, పోసేదెవరన్నా*.

అది ఎవరి ఊపిరో ఓబులేసు అప్పుడు గుర్తుపట్టాడు.

తొమ్మిదేళ్ల పిల్లాడప్పుడు ఈ తత్వం నేర్చుకోలేక ఏడ్చాడు. సామి రెండు పాదాలూ ఒక్క ఊపిరిలో లాగేవాడు. ఎవరికి నేర్పినా అట్లే నేర్పాడు. పిల్లాడికి మధ్యలోనే ఎగపోత వచ్చి పిల్లికూతలు పడేవి. ఒకనాడు సామి వాణ్ణి ఒడిలో కూచోబెట్టుకుని, "ఏడవద్దు అబ్బీ. 'తీసే' అంటావు గదా, ఆడ్నే తీసుకో. పాటే తీసుకోమంటాంటే నీకేమి భయం?" అన్నాడు. ఆనాటి నుంచి మాట మధ్యలో ఆ విరుపు ఓబులేసుకు అలవాటైపోయింది. మైకు ముందు పాడేటప్పుడు అది విరుపని కూడా అతనికి గుర్తు రాలేదు. లోకంలో ఆ తత్వాన్ని అక్కడ విరిచి పాడేవాడు ఇంకొకడు లేడు.

నలభై ఏళ్ల కిందటి పాటలో ఆ ఊపిరి ఎట్లా వచ్చింది? అప్పటికి ఓబులేసు పుట్టనేలేదు!

పాట అయిపోయింది. ఏడ్చేవాళ్లు ఏడుస్తున్నారు. తేలు కుట్టిన దొంగలా ఓబులేసు బిగుసుకుపోయాడు. పల్లవి పల్లవికీ ఆ ఊపిరి పడింది. ఎన్ని మీటలు తిప్పాడో, ఎంత రొద పరిచాడో, దాని కింద అది మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

సామి వేలెత్తాడు. మళ్లీ పెట్టమని.

ఓబులేసు మళ్లీ పెట్టాడు. ఈసారి 'తీసే' అన్నచోట సామి కళ్లు మూసుకున్నాడు. తర్వాత మెల్లగా లేచాడు. ఎవరో ఆసరాకు వస్తే వద్దన్నాడు. నడుచుకుంటూ సౌండు బాక్సు దగ్గరకు వెళ్లి, భుజాన ఉన్న తువ్వాల తీసి, దాని ముఖం తుడవసాగాడు. పై నుంచి కిందికి, అంచులు, మూలలు. పాట పాడుతూనే ఉంది. సామి తుడుస్తూనే ఉన్నాడు.

"సామీ, మీరెందుకు! పిల్లోళ్లు తుడుస్తారు" అంటూ కొండారెడ్డి పరిగెత్తుకొచ్చాడు.

సామి ఆగి, చెవి పెట్టి విన్నాడు. 'స్‌స్‌' రొద ఆగలేదు. మళ్లీ తుడిచాడు. మళ్లీ విన్నాడు. ఆఖరికి తువ్వాల తెచ్చి ఓబులేసు ముందు పరిచాడు. తెల్లగా, మరక లేకుండా ఉంది.

"ఎంత తుడిచినా పోదే అబ్బీ, దుమ్ము" అన్నాడు గుసగుసగా. "యాడిదిది?"

ఓబులేసు పాట ఆపేశాడు. తప్పించుకోవడానికి ఇప్పటికీ దారి ఉంది. టేపు పాతది సామీ, అంటే చాలు. జనం నమ్ముతారు. సామి కూడా ఇంకేమీ అనడు. అది తెలిసే అతనికి నిలువునా దుఃఖం వచ్చింది.

"నేనే పట్టించినాను సామీ" అన్నాడు. మైకు ముందు నిలబడ్డాడు కాబట్టి అందరికీ వినబడింది. "క్యాసెట్టు పోయింది. ఏమీ మిగల్లేదు. ఆ పాడింది మీరు కాదు. నేను."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచారు. "గురువుకే నామం పెడతావా!" అని కొండారెడ్డి మీదికి వచ్చాడు. తాను కార్చిన కన్నీళ్లు గుర్తొచ్చాయేమో, ఆయన ముఖం కందగడ్డ అయింది. "నన్ను ఏడిపించినావు గదరా! బయటికి నడువ్! మఠం గడప తొక్కినావంటే కాళ్లు విరుగుతాయి!"

ఓబులేసు కదల్లేదు. సామి కూడా పొమ్మంటే పోదామని ఆయన వైపే చూస్తున్నాడు. బతుకంతా ఆ ఒక్క మాట మీద ఆగి ఉంది.

సామి చాప దగ్గరకు వెళ్లి, తంబుర ఎత్తుకుని వచ్చి, ఓబులేసు చేతుల్లో పెట్టాడు. తర్వాత మైకు తీగ పట్టుకుని లాగేశాడు. ఎదురుగా, నేల మీదే కూచున్నాడు.

కొండారెడ్డి ఎత్తిన చెయ్యి అట్లే నిలిచిపోయింది. సామి కూచున్నాక ఎవరు నిలబడతారు? ఒక్కొక్కరే కూచున్నారు.

ఓబులేసు కూడా కూచుని తంబుర మీటాడు. ఎదురుగా అన్ని కళ్లూ. 'వీడికి ఊపిరి చాలదు' అన్న కళ్లు. చూపిస్తాను, ఈ ఒక్కసారి సామి లాగినట్టే లాగి చూపిస్తాను అనుకున్నాడు. రొమ్ము నిండా గాలి పీల్చి అందుకున్నాడు.

*తిత్తిలో గాలి ఎవరిదన్నా...*

*తీసే...*

ఆగలేదు. బిగపట్టి ముందుకు తోశాడు. రొమ్ములో పిల్లికూత లేచింది. కళ్లు చీకట్లు కమ్మాయి. గొంతు పూడుకుపోయి పాట తెగింది. తంబుర ఒక్కటే మోగుతోంది. వెనక నుంచి ఎవరో 'ప్చ్' అన్నారు.

సామి ముందుకు జరిగాడు. ఆనాటి పిల్లాడి ఎదురొమ్ము మీద అరచెయ్యి ఆనించాడు.

"తీసుకో" అన్నాడు.